ర్యాంపు లేని రంగస్థలం: కళల్లో వైకల్య న్యాయం, ప్రాప్యత

2019 జూన్ 9 రాత్రి న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో టోనీ అవార్డుల ప్రదానం జరుగుతోంది. అమెరికా నాటకరంగంలో అంతకు మించిన గౌరవం లేదు. ‘ఓక్లహోమా!’ సంగీత నాటకానికి ఉత్తమ సహాయ నటిగా ఆలీ స్ట్రోకర్ పేరు పిలిచారు. రెండేళ్ల వయసులో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచీ ఆమె చక్రాల కుర్చీ వాడుతున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న నటికి టోనీ రావడం అదే మొదటిసారి. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అయితే మిగతా విజేతల్లా ఆమె ప్రేక్షకుల మధ్య నుంచి నడవా దాటుకుంటూ రాలేదు, తెర పక్క నుంచి వచ్చారు. ప్రేక్షకుల వైపు నుంచి వేదిక మీదికి ర్యాంపు లేదు. అందుకే ఆమె ముందుగానే వేదిక వెనక వేచి ఉండాల్సి వచ్చింది.

వికలాంగులు కళను చూడటానికి రావచ్చని అందరూ ఒప్పుకుంటారు. ఆ వేదిక ఎక్కేది కూడా వాళ్లే కావచ్చన్న ఊహ మాత్రం భవనం కట్టినవాళ్లకు తట్టదు. కళారంగంలో ప్రాప్యత గురించి గత యాభై ఏళ్లలో జరిగిన పని అంతా ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికే.

ప్రాప్యత అంటే ఒక చోటికి చేరుకోగలగడం, అక్కడ ఉన్నదాన్ని చూసి, విని, తాకి, అర్థం చేసుకోగలగడం. ప్రభుత్వ కాగితాల్లో దీన్నే ‘సుగమ్య’ అంటున్నారు. వైకల్య న్యాయం ఇంకాస్త లోతైన మాట. మెట్ల పక్కన ర్యాంపు వేసి ఊరుకుంటే సరిపోదని, ఆ మెట్లు ఎందుకు వచ్చాయో, ఎవరి శరీరాన్ని కొలతగా తీసుకుని కట్టారో అడగాలని అది అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం భూమ్మీద సుమారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. మన 2011 జనాభా లెక్కల్లో తేలింది 2.68 కోట్ల మంది, జనాభాలో 2.21 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాకు పెద్ద కారణం లెక్కించే తీరు. అప్పటి జనగణన ఎనిమిది రకాలుగా మాత్రమే లెక్కించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది.

పేరు దగ్గరే పేచీ ఉంది. గుడ్డి, చెవిటి, మూగ, కుంటి, అవిటి అన్న మాటలు తెలుగు సామెతల నిండా ఉన్నాయి, తిట్లలోనూ ఉన్నాయి. ‘వికలాంగులు’ అనేది చాలాకాలం ఉద్యమాల మాట, ఆఫీసుల మాట. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగం తర్వాత ‘దివ్యాంగులు’ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ ఉంది. పొగిడే పేర్ల పట్ల వైకల్య ఉద్యమాలకు మొదటి నుంచీ అనుమానమే. దైవత్వం వద్దు, బస్సు ఎక్కే వీలు కావాలి అన్నది వారి వాదన. తెలుగు నాట అతిపెద్ద పోరాట వేదికల్లో ఒకటి ‘వికలాంగుల హక్కుల పోరాట సమితి’ అనే పేరుతోనే పనిచేసింది కాబట్టి ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడుతున్నాం.

శాన్‌ఫ్రాన్సిస్కో: నిషేధం నుంచి నాట్యం దాకా

1867లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక ఆర్డినెన్సు చేసింది. రోగంతోనో గాయంతోనో రూపం చెడి, చూసేవారికి ఏవగింపు కలిగించే మనుషులు వీధుల్లో కనపడకూడదని దాని సారాంశం. చరిత్రకారులు ఇలాంటివాటిని ‘అగ్లీ చట్టాలు’ అంటారు. షికాగో 1881లో అలాంటిదే చేసి, 1974 దాకా రద్దు చేయలేదు. విచిత్రం ఏమిటంటే, వీధిలో కనపడకూడదన్న ఆ శరీరాలనే టికెట్టు కొని చూడటానికి జనం ఎగబడ్డారు. పి.టి. బార్నమ్ వంటి వ్యాపారులు వింత మనుషుల ప్రదర్శనలు పెట్టి కోట్లు గడించింది ఆ శతాబ్దంలోనే. అంటే వికలాంగుడు వేదిక మీద ఉన్నాడు, కానీ కళాకారుడిగా కాదు, వస్తువుగా.

అదే నగరంలో 110 ఏళ్ల తర్వాత కథ మరో మలుపు తిరిగింది. ప్రభుత్వ నిధులు అందుకునే ఏ సంస్థా వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ చెప్పింది. అమలు నిబంధనల మీద మాత్రం నాలుగేళ్లపాటు ఎవరూ సంతకం పెట్టలేదు. 1977 ఏప్రిల్ 5న వందకు పైగా వికలాంగులు, వారి సహాయకులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేంద్ర ప్రభుత్వ భవనంలోకి వెళ్లి కూర్చున్నారు, కదలలేదు. జూడీ హ్యూమన్ ముందుండి నడిపారు. మందులు లేవు, పక్కలు లేవు, ఫోన్ లైన్లు తెంచేశారు. వినికిడి లేనివారు కిటికీల దగ్గర నిలబడి సైగల భాషలో బయటికి కబురు పంపారు. లోపల ఉన్నవారిలో బ్రాడ్ లోమాక్స్ అనే నల్లజాతి యువకుడు చక్రాల కుర్చీ వాడేవాడు, బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యుడు. ఆ పార్టీ వాళ్లు రోజూ వేడి అన్నం వండి తెచ్చారు. ఏప్రిల్ 28న నిబంధనల మీద సంతకం పడ్డాకే వాళ్లు బయటికి వచ్చారు.

లోమాక్స్ లాంటివాళ్ల పేర్లు తర్వాతి చరిత్రలో పల్చబడ్డాయి. 1990లో అమెరికన్ వికలాంగుల చట్టం వచ్చింది, భవనాలకు ర్యాంపులు వచ్చాయి. ఉద్యమం ముఖచిత్రం మీద మాత్రం ఎక్కువగా తెల్లజాతి వాళ్లే, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లే మిగిలారు. 2005 ప్రాంతంలో పాటీ బర్న్, మియా మింగస్, స్టేసీ మిల్బర్న్ మరికొందరితో కలిసి ‘వైకల్య న్యాయం’ అన్న మాటను తెచ్చింది ఈ అసంతృప్తితోనే. వారంతా వికలాంగులు, ఎక్కువమంది శ్వేతేతర జాతుల స్త్రీలు. హక్కులు కోర్టుకు వెళ్లగలిగినవాడికి దక్కుతాయి, వెళ్లలేనివాడి సంగతేమిటి అని వారు అడిగారు. జాతి, పేదరికం, లింగం, వైకల్యం ఒకే మనిషి మీద ఒకేసారి పడే బరువులు కాబట్టి విడివిడిగా తూచలేమన్నారు.

ఈ ఆలోచన తన రూపాన్ని కళలోనే వెతుక్కుంది. పాటీ బర్న్, లీరాయ్ మూర్ కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ‘సిన్స్ ఇన్‌వాలిడ్’ అనే ప్రదర్శన బృందాన్ని నిలబెట్టారు. వికలాంగుల దేహం, కోరిక, కోపం, అందం అందులో విషయాలు. ప్రదర్శకులు, రచయితలు, నిర్దేశకులు వారే. వైకల్య న్యాయానికి పది సూత్రాలు అని నేడు విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్పేది ఈ నాటక బృందం రాసుకున్న పత్రమే. అందులో రెండు మాటలు మిగతా వాటికంటే దూరం వెళ్లాయి. ఒకటి, ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లే ముందు నడవాలి. రెండోది, ఎవరూ ఒంటరిగా స్వతంత్రులు కారు, అందరం ఒకరి మీద ఒకరం ఆధారపడే బతుకుతున్నాం. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన తెలుగువారికి రెండో మాట కొత్తగా అనిపించదు. కానీ ఆధారపడటాన్ని అవమానంగా కాక హక్కుగా చూడమనడం మన ఇళ్లలోనూ కొత్తే. లీరాయ్ మూర్ ‘క్రిప్-హాప్ నేషన్’ పేరుతో వికలాంగ హిప్‌హాప్ కళాకారులను కూడగట్టారు. మింగస్ 2011లో ఒక మాట ఇచ్చారు: ‘యాక్సెస్ ఇంటిమసీ’. మన అవసరాన్ని విడమర్చి చెప్పనవసరం లేకుండానే పట్టుకునే మనిషి దగ్గర కలిగే నెమ్మది అని అనుకోవచ్చు.

తెలుగు నేలకు ఇక్కడ ఒక పోలిక ఉంది. మాదిగ దండోరా ఉద్యమాన్ని నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితికీ నాయకత్వం వహించారు. పింఛను కోసం వేల మంది ఆ జెండా కింద రోడ్ల మీదికి వచ్చారు. కులం దెబ్బ తెలిసినవాడికి వైకల్యం దెబ్బ తెలుస్తుందన్న ఆ ఎరుక, బ్లాక్ పాంథర్లు తెచ్చిన అన్నం గిన్నెలోనిదే.

ఒకే కన్ను, ముగ్గురు అక్కచెల్లెళ్లు

గ్రీకు పురాణంలో గ్రేయీ అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉంటారు. ముగ్గురికీ కలిపి ఒకటే కన్ను, ఒకటే పన్ను. వంతులవారీగా వాడుకుంటారు. 1980లో నబిల్ షబాన్, రిచర్డ్ టామ్లిన్సన్ బ్రిటన్‌లో వికలాంగ నటుల నాటక సంస్థకు ఆ పేరే పెట్టారు. నాలుగేళ్ల ముందు అదే దేశంలో వికలాంగుల సంఘం ఒకటి, ఆ తర్వాత మైక్ ఆలివర్ ‘సామాజిక నమూనా’గా పేరు పెట్టబోయే వాదాన్ని ముందుకు తెచ్చింది. కాలు కదలకపోవడం శరీరం సంగతి, భవనానికి మెట్లు మాత్రమే ఉండటం సమాజం సంగతి, మనిషిని అశక్తుణ్ణి చేసేది రెండోదే అని ఆ వాదం. దాన్ని నాటకంగా ఆడి చూపించింది గ్రేయీ.

ఏడేళ్ల వయసులో వినికిడి కోల్పోయిన జెన్నీ సీలీ 1997లో ఆ సంస్థ పగ్గాలు చేపట్టారు. అప్పటిదాకా నాటకానికి సైగల భాష అంటే, వేదిక మూలన నల్లబట్టలు వేసుకుని నిలబడే దుబాసీ. వినికిడి లేని ప్రేక్షకుడు నటుణ్ణి చూడాలో, దుబాసీని చూడాలో తేల్చుకోలేక మెడ తిప్పుకుంటూ కూర్చోవాలి. సీలీ ఆ మూలను రద్దు చేశారు. సైగ చేసేవాడే పాత్ర అయ్యాడు, జరుగుతున్నది చూపులేనివారికి చెప్పే గొంతు కథలో భాగమైంది, తెర మీద పడే అక్షరాలు రంగాలంకరణ అయ్యాయి. దీనికి ఆమె ‘ప్రాప్యతా సౌందర్యం’ అని పేరు పెట్టారు. ఈ విషయంలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదేనని చెప్పాలి. ప్రాప్యతను చివర్లో అతికిస్తే ఖర్చు, మొదట్లో కలిపితే కొత్త కళ.

దానికి అతిపెద్ద వేదిక 2012లో దొరికింది. లండన్ పారాలింపిక్స్ ఆరంభోత్సవాన్ని బ్రాడ్లీ హెమింగ్స్‌తో కలిసి నిర్దేశించింది సీలీయే. ఆ రాత్రి స్టేడియంలో ఇయాన్ డ్యూరీ పాట ఒకటి మోగింది. చిన్నప్పుడు పోలియో సోకిన ఈ గాయకుడు, ఐక్యరాజ్య సమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటిస్తే, అందులోని దయ చూపే ధోరణికి ఒళ్లు మండి ‘స్పాస్టికస్ ఆటిస్టికస్’ రాశాడు. బీబీసీ దాని ప్రసారం మీద ఆంక్ష పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత అదే పాటను గ్రేయీ కళాకారులు ప్రపంచం ముందు ఆడి పాడారు. డ్యూరీ దాన్ని చూడలేదు. 2000లోనే పోయాడు.

నాట్యంలో మరో తోవ కనిపిస్తుంది. లండన్‌లో ఆధునిక నర్తకిగా పేరు తెచ్చుకుంటున్న సెలెస్ట్ డాండెకర్ 1973లో ప్రదర్శన మధ్యలో వేదిక మీదే పడి వెన్నెముక విరగ్గొట్టుకున్నారు. 1991లో ఆమె, ఆడమ్ బెంజమిన్ కలిసి పెట్టిన ‘కాండోకో’ వికలాంగులూ ఇతరులూ కలిసి ఆడే నాట్య బృందం. అమెరికాలో ఆలిస్ షెపర్డ్ మధ్యయుగ సాహిత్యం బోధించే ఆచార్య పదవి వదిలి నర్తకి అయ్యారు. 2016లో ఆమె స్థాపించిన ‘కైనెటిక్ లైట్’ బృందం తొలి పెద్ద రూపకం ‘డిసెంట్’. అందులో రంగస్థలమే ఒక పెద్ద ర్యాంపు. ఒంపులు తిరిగిన ఆ ఏటవాలు మీద షెపర్డ్, లారెల్ లాసన్ చక్రాల కుర్చీలతో జారుతారు, ఎక్కుతారు, ఒకరినొకరు మోస్తారు. కాళ్ల మీద నడిచే నర్తకుడికి అక్కడ నిలబడటమే కష్టం. చూపులేని ప్రేక్షకుల కోసం అదే బృందం ఒక ఫోన్ యాప్ చేసింది. అందులో వర్ణన ఒక్కటే కాదు, కవిత ఒక పొరగా, చక్రాల చప్పుడు మరో పొరగా ఉంటాయి. ఎవరికి నచ్చిన పొర వారు వింటారు.

మేధోపరమైన వైకల్యం ఉన్న నటులతో 1987 నుంచి ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో నడుస్తున్న ‘బ్యాక్ టు బ్యాక్ థియేటర్’కు 2022లో అంతర్జాతీయ ఇబ్సెన్ పురస్కారం, 2024లో వెనిస్ బియెనాలే నాటక విభాగం జీవన సాఫల్య స్వర్ణ సింహం వచ్చాయి. వికలాంగుల విభాగం అంటూ వేరే బహుమతి కాదు, అందరితో పాటు వచ్చినవి.

మాట వచ్చాక మూసుకున్న తలుపు

మూకీ సినిమా రోజుల్లో వినికిడి ఉన్నవాడూ లేనివాడూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే అక్షరాలు చదువుకుని, ఒకేసారి నవ్వారు. 1927లో హాలీవుడ్‌కు, 1931లో ‘ఆలం ఆరా’తో హిందీకి, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగుకు మాట వచ్చింది. సినిమా చరిత్రలన్నీ దీన్ని పండుగగా రాస్తాయి. బధిర ప్రేక్షకుడికి ఆ రోజు థియేటరు తలుపు మూసుకుపోయింది. మూకీల్లో నటించిన క్యూబా సంతతి బధిర నటుడు ఎమర్సన్ రొమేరో టాకీలతో పని పోగొట్టుకున్నాడు. 1947లో పాత టాకీల రీళ్లు తెచ్చుకుని, దృశ్యాల మధ్య అక్షరాల ముక్కలు అతికించి బధిర సంఘాలకు అద్దెకిచ్చాడు. నేడు ఓటీటీల్లో మనం అలవాటుగా నొక్కే సబ్‌టైటిల్ బొత్తానికి ఇలాంటి పనులే పూర్వీకులు. 1972లో జూలియా చైల్డ్ వంటల కార్యక్రమం అమెరికా టీవీలో తొలిసారి అక్షరాలతో ప్రసారమైంది.

చూపులేనివారికి చేసే ఏర్పాటును ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. సంభాషణల మధ్య ఖాళీల్లో ఒక గొంతు దృశ్యాన్ని చెబుతుంది. రెండు సెకన్ల సందులో ‘ఆమె ఉత్తరం చింపి పొయ్యిలో వేసింది’ అనాలి, ‘కోపంగా’ అనకూడదు, ఆ కోపం వినేవాడు తనంతట తాను గ్రహించాలి. ఇది రచన తెలిసినవాళ్లు చేయాల్సిన పని. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజిలో మార్గరెట్, కోడీ ఫాన్‌స్టీల్ దంపతులు నాటకాలకు దీన్ని క్రమపద్ధతిలో మొదలుపెట్టారు. మార్గరెట్‌కు చూపు చాలావరకు పోయింది. రేడియో వ్యాఖ్యానంతో క్రికెట్ ‘చూసిన’ తరానికి ఈ కళ కొత్తగా అనిపించదు. తెలుగు హరికథలోనూ బుర్రకథలోనూ కథకుడి గొంతు ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది.

మన దేశంలో కోర్టులు కదిలించాకే కదలిక వచ్చింది. 2023 జనవరిలో చూపు, వినికిడి లోపాలున్న కొందరు ‘పఠాన్’ సినిమాకు ఈ సదుపాయాలు కావాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఓటీటీ విడుదల నాటికి ఆడియో డిస్క్రిప్షన్, సబ్‌టైటిళ్లు చేర్చాలని కోర్టు ఆదేశించింది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే చిత్రాలకు ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్లు గడువు. ఐదు భాషల్లో ఒకేసారి దిగే మన పాన్ ఇండియా తెలుగు చిత్రాలన్నీ మొదటి కోవలోకే వస్తాయి. ఫోన్‌లో యాప్ తెరిస్తే అది థియేటరు ధ్వనిని పట్టుకుని, సరిగ్గా ఆ క్షణానికి తగిన వర్ణనను చెవిలో వినిపిస్తుంది. పక్కవాడికి ఇబ్బంది లేదు. అయితే తెలుగు సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్ దొరికినంత సులువుగా తెలుగు అక్షరాల సబ్‌టైటిల్ దొరకదు. తెలుగు బడిలో చదువుకున్న బధిర ప్రేక్షకుడికి తన భాషా చిత్రమే పరభాషలో అందుతోంది.

తెర మీద ఎవరు కనిపిస్తారన్నది ఇంకో ప్రశ్న. ఫ్రెంచి చిత్రం ఒకదాన్ని అమెరికాలో ‘కోడా’గా తీసినప్పుడు, బధిరుడైన తండ్రి పాత్రకు వినికిడి ఉన్న నటుణ్ణి తీసుకోవాలని నిధులిచ్చేవారు చూశారు. అలాగైతే తాను తప్పుకుంటానని మార్లీ మాట్లిన్ పట్టుబట్టారు. 1987లో ఆస్కార్ గెలిచిన బధిర నటి ఆమె. ఆ పాత్ర చేసిన ట్రాయ్ కోట్సర్‌కు 2022లో ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది, ఆ సినిమా ఉత్తమ చిత్రమైంది.

మయూరి, సిరివెన్నెల, ఆ తర్వాత

1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో సుధా చంద్రన్ అనే భరతనాట్య కళాకారిణి కాలు కోల్పోయారు. జైపూర్‌లో 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ తయారుచేసిన రబ్బరు పాదం ఆమెను మళ్లీ నిలబెట్టింది. పాశ్చాత్య కృత్రిమ పాదాలు బూటు కోసం చేసినవి. ఇది చెప్పులేకుండా నేల మీద మోపడానికి, గొంతుక్కూర్చోవడానికి వీలైనది. మోకాళ్లు వంచి అరమండి వేయాల్సిన నర్తకికి అదే కీలకం. 1984లో ఆమె మళ్లీ వేదిక ఎక్కారు. ఆ కథను సింగీతం శ్రీనివాసరావు తెలుగులో ‘మయూరి’గా తీస్తే తన పాత్ర తానే ధరించారు, జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ గుర్తింపు పొందారు. వైకల్యం ఉన్న కళాకారిణి తన కథ తానే నటించడం ప్రపంచ సినిమాలోనే అరుదైన కాలం అది. తెలుగు సినిమా ఆ పని ముందే చేసింది.

చేసి, ఆగిపోయింది. 1986లో కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’లో వేణువూదే అంధుణ్ణి, చిత్రాలు గీసే మూగ యువతిని కలిపారు. ఒకరికి కనిపించనిది, ఇంకొకరు చెప్పలేనిది కళ ద్వారా ఎలా దాటుతుందో చూపిన తీరు నేటికీ చర్చించదగ్గది. తర్వాత ‘ఊపిరి’లో మెడ కింద కదలిక లేని పాత్ర, ‘రాజా ది గ్రేట్’లో అంధుడు, ‘రంగస్థలం’లో వినికిడి తక్కువైన చిట్టిబాబు వచ్చారు. చిట్టిబాబు లోపం కథను నడిపిస్తుంది, అతను జాలి వస్తువు కాదు, కాబట్టి అది ముందడుగే. కానీ ఈ పాత్రలన్నీ ఏ వైకల్యమూ లేని తారలవే. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి పారిశ్రామికవేత్త అయిన శ్రీకాంత్ బొల్లా జీవితం 2024లో హిందీ చిత్రమైతే అక్కడా చూపున్న నటుడే. ఇక నత్తినీ మెల్లకన్నునూ నవ్వుల కోసం వాడుకున్న సన్నివేశాలకు లెక్కే లేదు.

2024 జులై 8న నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే పట్టుకుంది. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, వికలాంగుణ్ణి కించపరిచే హాస్యం వేరు అంది. మూస పాత్రలు వద్దని, వారి గురించి తీసేటప్పుడు వారినే సంప్రదించాలని చెప్పింది. ఎగతాళికి అవతలి అంచున ఇంకో మూస ఉంది. వికలాంగుడు అన్నం తిన్నా, బడికి వెళ్లినా చప్పట్లు కొట్టే ధోరణిని ఆస్ట్రేలియా హాస్య కళాకారిణి స్టెల్లా యంగ్ ఘాటుగా విమర్శించారు. తన బతుకు ఇతరులకు స్ఫూర్తి మందుబిళ్ల కాదన్నది ఆమె మాటల భావం. మన టీవీ రియాలిటీ షోల్లో చూపులేని గాయకుడు రాగానే వెనక వినిపించే విషాద వాయులీనం ఈ విమర్శకు సరిగ్గా తగిలే ఉదాహరణ. ముందు పాట వినాలి కదా.

పాట వినడం అనేసరికి విజయనగరం గుర్తుకొస్తుంది. 1919లో అక్కడ విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టడానికి కారణం, సంస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు గారి చూపులేని కుమారుడికి సంగీతం నేర్పే ఏర్పాటు కావాల్సి రావడమేనని ఆ కళాశాల చరిత్రలో చెప్పుకుంటారు. ఒక పిల్లవాడి అవసరానికి బడి పెడితే, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యారు, ఆ మెట్లెక్కి ఘంటసాల పాఠం నేర్చుకున్నారు. చూపు చాలా మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్లకే అక్కడ వయొలిన్ ఆచార్యుడై, 1936లో అధ్యక్షుడయ్యారు. చూపు సరిగా ఆనక బడిలో వెనకబడ్డవాడే పక్కవాద్యమైన వయొలిన్‌ను కచేరీ చేసే వాద్యంగా నిలబెట్టాడు. కర్ణాటకలోని గదగ్‌లో పంచాక్షరి గవాయి, పుట్టరాజ గవాయి అనే ఇద్దరు అంధ విద్వాంసులు నడిపిన వీరేశ్వర పుణ్యాశ్రమంలో ఎందరో చూపులేని పిల్లలు ఉచితంగా తిండి, చోటు, సంగీతం పొందారు.

ముట్టుకోవచ్చు

చిత్రకళ చూపుకు సంబంధించినది కదా అన్న సందేహానికి శాంతినికేతన్ జవాబిచ్చింది. అక్కడి చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుక నుంచే ఒక కన్ను కనిపించదు, రెండోది మసక. ఆ మసక చూపుతోనే 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ సంత్‌ల మహాచిత్రం వేశారు. 1950ల్లో శస్త్రచికిత్స తర్వాత ఉన్న కాస్త చూపూ పోయింది. కాగితాలు మడిచి, కత్తిరించి, అతికించి, మైనంతో బొమ్మలు చేసి 1980లో చనిపోయేదాకా పని ఆపలేదు. శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ తీశారు. అటు ఫ్రాన్స్‌లో చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ తర్వాత మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమై, కుంచె పక్కన పెట్టి కత్తెర పట్టారు. ఆయన రంగుకాగితాల కత్తిరింపులు ఇరవయ్యో శతాబ్దపు కళలో కొత్త అధ్యాయం. శరీరం మారితే పద్ధతి మారింది, పద్ధతి మారితే కళ మారింది.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1974లో మొదలైన ‘క్రియేటివ్ గ్రోత్’ చిత్రశాలకు జుడిత్ స్కాట్ వచ్చేనాటికి ఆమె వయసు నలభై దాటింది. డౌన్ సిండ్రోమ్ ఉంది, వినపడదు, మాట రాదు. జీవితంలో ముప్పై ఐదేళ్లు సంస్థల గోడల మధ్యే గడిచాయి. దొరికిన వస్తువుకల్లా నూలు చుట్టి, చుట్టి, లోపల ఏముందో తెలియని రూపాలు చేశారు. అవి ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి.

మ్యూజియం అనగానే ‘ముట్టుకోరాదు’ బోర్డు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ పేరుతో ముట్టుకునే ప్రతిరూపాల గ్యాలరీ తెరిచింది, బ్రెయిలీ పలకలతో, ఆడియో వివరణతో. అదే ఏడాది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం ఆరు ప్రసిద్ధ చిత్రాలకు వేళ్లతో చదవగల ఉబ్బెత్తు ప్రతులు చేసింది. కట్టడాల సంగతి వేరు. 2001 జనవరిలో చక్రాల కుర్చీ వాడే భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్, జంతర్ మంతర్ వంటి చోట్ల పురావస్తు శాఖ హడావుడిగా చెక్క ర్యాంపులు వేసింది. వాటికోసం జావేద్ అబీదీ వంటి వికలాంగ నాయకులు గొంతు చించుకున్నారు. పేరున్న అతిథి రాక ముందు అసాధ్యమన్నది కొద్ది రోజుల్లో సాధ్యమైంది.

కుర్చీ కూడా ప్రాప్యతే. గ్యాలరీల్లో గంటలు నిలబడలేని, అమెరికా కళారంగానికి చెందిన ఫినెగన్ షానన్ 2018 నుంచి బల్లలు చేసి ప్రదర్శనకు పెడుతున్నారు. ఇక్కడ చాలాసేపు నిలబెట్టారు, మీకూ అలాగే ఉంటే కూర్చోండి అన్న అర్థం వచ్చే రాతలు వాటి మీద ఉంటాయి. కళాఖండం మీద కూర్చోవచ్చు.

చట్టం చెప్పింది, కొలత చెప్పేది

సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం హక్కు అని ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం అంటుంది. భారత్ 2007లో దాన్ని ఆమోదించింది. 2016 చట్టం 29వ సెక్షన్ ఇంకా వివరంగా చెప్పింది: వికలాంగ కళాకారులకు, రచయితలకు సహాయం, వైకల్య చరిత్రకు మ్యూజియం, కళా కోర్సులను వారికి వీలుగా మార్చడం, టీవీ కార్యక్రమాలకు సైగల భాష లేదా సబ్‌టైటిళ్లు. పుస్తకాల విషయంలో మనం ముందున్నాం. చూపులేనివారి కోసం పుస్తకాలను బ్రెయిలీగా, ఆడియోగా మార్చడానికి కాపీరైట్ అడ్డురాకుండా చేసే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

అమలు దగ్గరే చిక్కు. హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం సుప్రీంకోర్టు కోరిక మీద దేశంలో ప్రాప్యత స్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో కోర్టు, ప్రాప్యతా ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలుగా ఉండటం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి నియమాలు వేరుగా రాయాలని తీర్పు చెప్పింది.

నియమాలంటే చివరికి అంగుళాలే. ర్యాంపు ఒక అంగుళం లేవాలంటే పన్నెండు అంగుళాలు సాగాలి. మూడడుగుల ఎత్తున్న సభావేదికకు 36 అడుగుల ర్యాంపు కావాలి. హాలు కట్టాక ఆ చోటు దొరకదు, గీత గీసేటప్పుడైతే దొరుకుతుంది. అందుకే మన సన్మాన సభల్లో పెద్దవారిని కుర్చీతో సహా నలుగురు ఎత్తి వేదిక మీద పెట్టడం, వారు కింద పడతామేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవడం కనిపిస్తాయి. వేదికను కిందికి దించి నేల మీదే సభ జరపడం పైసా ఖర్చు లేని పద్ధతి. అమెరికా కళారంగానికే చెందిన కారొలిన్ లాజార్డ్ 2019లో చిన్న కళాసంస్థల కోసం రాసిన కరదీపికలో ప్రాప్యత ఖర్చును మిగిలితే చూద్దామని కాక అద్దె, కరెంటు బిల్లులా బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలన్నారు.

ఇంకా ముందు మొదలయ్యేది ఆహ్వాన పత్రికతో. అందరూ ఆహ్వానితులే అని మన కార్డుల మీద అచ్చు వేయడం ఆనవాయితీ. సిన్స్ ఇన్‌వాలిడ్ వంటి బృందాల ప్రకటనల్లో ఆ మాట కింద మరికొన్ని వరుసలుంటాయి: హాలు ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు ఉందా, మరుగుదొడ్డి తలుపులోంచి చక్రాల కుర్చీ పడుతుందా, సైగల భాష దుబాసీ ఎక్కడ నిలబడతారు, ఆ వైపు సీట్లు ఎవరికి కేటాయించారు, వెలుతురు హఠాత్తుగా మెరిసే దృశ్యాలు ఉన్నాయా, అలసిపోతే వెళ్లి పడుకోవడానికి నిశ్శబ్దమైన గది ఏది, వీటిలో ఏది లేకపోయినా ముందుగా చెప్పడానికి ఎవరికి ఫోన్ చేయాలి.